నార్త్ కరోలైనా ఏ అండ్ టీలో నా రెండేళ్లు: ఈ రుణం ఇక్కడ చెప్పుకోవాలనిపించింది

పల్నాటిపిల్ల | ఫిబ్రవరి 1, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఈ వేదికలో చదవడమే గానీ నేను రాసింది తక్కువ. ఐ-20, వీసా స్లాట్లు, ఫండింగ్, అన్ని సందేహాలూ ఇక్కడే తీర్చుకున్నాను. ఇవాళ సందేహం ఏమీ లేదు. ఒక కృతజ్ఞత చెప్పుకోవాలి. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

డిసెంబరులో నా ఎమ్మెస్ పూర్తయింది. గ్రీన్స్‌బరోలోని నార్త్ కరోలైనా ఏ అండ్ టీ స్టేట్ యూనివర్సిటీ. తెల్లవాళ్ల కాలేజీల్లోకి రానివ్వని రోజుల్లో నల్లజాతి పిల్లల కోసం పుట్టిన యూనివర్సిటీల్లో ఒకటి. వీటిని హెచ్‌బీసీయూలంటారు. బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ అయ్యాక ఆరింటికి అప్లై చేస్తే అసిస్టెంట్‌షిప్ (చదువుతూనే యూనివర్సిటీలో జీతానికి చేసే పని) ఇస్తామన్నది ఇదొక్కటే. కన్సల్టెన్సీ ఆయన ఆ లెటర్ చూసి, "అక్కడ మనవాళ్లెవరూ ఉండరమ్మా, ఇంకో సెమిస్టర్ ఆగు" అన్నాడు. ఆగడానికి మా దగ్గర ఏముంది? నాన్న కౌలు రైతు. అమ్మ మిర్చి కోతలకి వెళ్తుంది. వచ్చేశాను.

వచ్చిన మొదటి నెల ఊళ్లో వేరే చోట చదివే మన తెలుగు అమ్మాయిలతో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. రెండో రోజే ఇంటిపేరు అడిగారు. ఇంటిపేరుతో తేలకపోయేసరికి "మీరేవిట్లు?" అని నేరుగానే అడిగారు. చెప్పాను. వారం తిరక్కుండానే ఫ్రిజ్‌లో నాకు కింది అర వేరుగా వచ్చింది, నా గిన్నెలు సింకు పక్కన వేరే బుట్టలోకి వెళ్లాయి. ఎవరూ నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. బుట్ట మాత్రం అక్కడ ఉంది. నెలాఖరుకి ఖాళీ చేసి, మా డిపార్ట్‌మెంట్‌లోనే చదివే, రాకీ మౌంట్ అనే ఊరి అమ్మాయితో గదిలో చేరాను. నల్లజాతి అమ్మాయి. ఆ ఇంట్లో అంట్ల బుట్ట ఒక్కటే.

మా డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేది. ఎప్పుడు కాగితం పట్టుకెళ్లినా ముందు "తిన్నావా బేబీ?" అని అడిగేది. అవునంటే కాగితం తీసుకునేది, కాదంటే సొరుగు లాగి బిస్కట్ల పొట్లం చేతిలో పెట్టి, అది సగమయ్యాకే కాగితం చూసేది. ఊళ్లో మా పిన్నిలు, పెద్దమ్మలు పలకరించే మాట కూడా అదే కదా. మొదటిసారి విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది.

ఇక అసలు సంగతి. మొదటి ఫిబ్రవరిలో మా ప్రొఫెసరు కొత్తగా వచ్చిన వాళ్లందరినీ ఎల్మ్ స్ట్రీట్‌లోని మ్యూజియంకి తీసుకెళ్లారు. క్యాంపస్ నుంచి సుమారు మైలు దూరం. ఒకప్పుడది వూల్‌వర్త్ అనే పెద్ద దుకాణం. 1960 ఫిబ్రవరి 1న మా యూనివర్సిటీ ఫస్టియర్ కుర్రాళ్లు నలుగురు, ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, అక్కడ టూత్‌పేస్టులాంటి చిన్నాచితకా వస్తువులు కొని, రసీదులు దగ్గర పెట్టుకుని, భోజనాల కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. మీకిక్కడ పెట్టం అన్నారు. పక్క కౌంటర్‌లో మా డబ్బు తీసుకున్నారుగా, ఇక్కడెందుకు తీసుకోరు అని వీళ్లు. దుకాణం మూసేదాకా లేవలేదు. మర్నాడు ఇరవై మందికి పైగా వచ్చారు, ఆ మర్నాడు అరవై దాటారు, నాలుగో రోజుకి మూడు వందలు. బెనెట్ కాలేజీ అమ్మాయిలు కూడా వాళ్లతో కూర్చున్నారు. వేసవి సెలవుల్లో కాలేజీ పిల్లలు ఊళ్లకి పోతే ఊళ్లోని డడ్లీ హైస్కూలు పిల్లలు ఆ స్టూళ్ల మీద కూర్చుని ఉద్యమం ఆగనివ్వలేదు. చివరికి జులై 25న కౌంటర్ అందరికీ తెరిచారు.

ఆ కౌంటర్ ఇప్పటికీ అక్కడే ఉంది. స్టీలు కాళ్ల స్టూళ్లు వరసగా, పొడుగ్గా. మ్యూజియంలో చూపించే ఆవిడ ఒక మాట చెప్పింది. కౌంటర్ తెరిచిన రోజున అక్కడ మొదట కూర్చుని తిన్న నల్లజాతి వాళ్లు ఉద్యమకారులు కారట. ఆ వంటింట్లో పనిచేసే వాళ్లేనట. రోజూ వండేది వాళ్లు, వడ్డించేది వాళ్లు, అక్కడ కూర్చుని తినే హక్కు మాత్రం లేదు.

నాకప్పుడు మా తాత గుర్తొచ్చాడు. మా ఊరి సెంటర్‌లో టీ కొట్టు. మా పల్లె వాళ్ల గ్లాసులు చూరులో దోపి ఉండేవి, అడుగున ఎర్రరంగు చుక్కతో. తాత చూరులోంచి గ్లాసు తీసి, కడుక్కుని, పట్టుకుని నిలబడితే పైనుంచి పోసేవాడు కొట్టాయన. తాగి, మళ్లీ కడిగి, బోర్లించి చూరులో పెట్టాలి. డబ్బు చేతికి ఇవ్వకూడదు, బల్ల మీద పెట్టాలి. ఆ కొట్టుకి పంచదార బస్తాలు మోసేది ఎవరనుకున్నారు? మా తాతే. నేను మూడో తరగతిలో ఉండగా ఒకసారి వెంట వెళ్లి, బల్ల మీద కూర్చోబోతే రెక్క పట్టి లాగాడు. కోపంతో కాదు, భయంతో. ఆ పట్టు ఇంకా తెలుసు నాకు.

మ్యూజియంలోంచి బయటికొచ్చి నేను పేవ్‌మెంట్ మీద కూర్చుండిపోయాను. ఏమైందని అడిగితే, వచ్చీరాని ఇంగ్లీషులో ఇదంతా చెప్పాను. బాపట్లలో నాలుగేళ్లు చదివాను, ఒక్కరికీ చెప్పలేదు ఎప్పుడూ. నా రూమ్మేట్ అంతా విని, వాళ్ల అమ్మమ్మ ప్రయాణాలప్పుడు చెప్పుల అట్టపెట్టెలో అన్నం కట్టుకెళ్లేదని చెప్పింది. దారిలో ఏ హోటలూ వాళ్లకి పెట్టదు కాబట్టి. చికెన్, గుడ్లు, ఒక ముక్క కేకు. ఇప్పటికీ వాళ్లింట్లో ఊరెళ్లేటప్పుడు అలాగే కట్టుకుంటారట.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఏ అండ్ టీ నాకు డిగ్రీ ఇచ్చింది, జీతం ఇచ్చింది, అవన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా ముందు, మా తాత గ్లాసు సంగతి తలెత్తి చెప్పుకునే చోటు ఇచ్చింది. ఇవాళ ఫిబ్రవరి 1. పొద్దున క్యాంపస్‌లో ఆ నలుగురి విగ్రహం దగ్గర పూలు పెట్టి వచ్చాను.

డల్లాస్_శ్రీను | రాత్రి 10:05

కంగ్రాట్స్ చెల్లెమ్మా. ఆఫీసు పని పక్కన పెట్టి మొత్తం చదివాను. ఆ బుట్ట సంగతి చదివి సిగ్గేసింది. మా రూముల్లోనూ ఇలాంటివి జరిగాయి, నేను చూసీ చూడనట్టు ఉన్నాను.

నర్సరావుపేట_నాన్న | రాత్రి 10:31

తల్లీ, మా అమ్మాయికి కూడా అలాంటి ఒక యూనివర్సిటీ నుంచి అడ్మిట్ వచ్చింది. బంధువులంతా భయపెడుతున్నారు, ఆ ఏరియాలు మంచివి కావని. తండ్రిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. రాత్రిపూట లైబ్రరీ నుంచి రావడం అదీ ఎలా ఉండేది?

జెర్సీ_కుర్రోడు | రాత్రి 10:38

అంకుల్, మీ చుట్టాలు చెప్పింది కరెక్టే. ఆ [తొలగించబడింది] గాళ్ల మధ్యకి ఆడపిల్లని పంపొద్దు.

నిర్వాహకుడు | రాత్రి 10:52

పై పోస్టులో ఒక మాట తీసేశాను. నల్లజాతి వాళ్లని మనవాళ్లు రూముల్లో పిలుచుకునే ఆ హిందీ మాట ఈ వేదికలో నడవదు. "మేం మామూలుగానే అంటాం" అని మెసేజ్ పెట్టారు. మామూలుగా అనడమే సమస్య. మన ఊళ్లలో కులం పేరుతో పిలిచేవాళ్లు కూడా మామూలుగానే పిలిచేవాళ్లు. ఈ థ్రెడ్ మొదటి పోస్టు చదివాక కూడా అలా రాయగలిగితే దయచేసి వారం రోజులు చదవడానికే పరిమితం కండి.

పల్నాటిపిల్ల | రాత్రి 11:20

థాంక్యూ శ్రీనన్నా.

నర్సరావుపేట నాన్నగారూ, మీరు మా జిల్లా వారే, మా నాన్న కూడా ఇదే అడిగాడు. బ్లఫర్డ్ లైబ్రరీలో పరీక్షలప్పుడు పొద్దుపోయేదాకా కూర్చునేదాన్ని. రాత్రిళ్లు ఒంటరిగా నడవలేదు, ఎవరో ఒకరు తోడుండేవారు, లేదంటే క్యాంపస్ బస్సు. అమెరికాలో ఏ ఊరైనా తీసుకోవలసిన జాగ్రత్త అదే. యూనివర్సిటీ నల్లజాతి వాళ్లది కాబట్టి ప్రత్యేకంగా భయపడాల్సింది ఏమీ లేదు. రెండేళ్లలో నన్ను బాధపెట్టింది ఆ క్యాంపస్ మనుషులు కాదు, ఎవరో పైన రాశాను. మీ అమ్మాయిది ఏ యూనివర్సిటీయో మెసేజ్ చేయండి, అక్కడ తెలిసినవాళ్లుంటే కలుపుతాను.

ఎమ్మెస్_ఆశావహుడు | రాత్రి 11:41

అక్కా, ర్యాంకింగుల్లో కింద ఉంటాయి కదా ఇవి. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం అమెరికాలో పనిచేసుకునే అనుమతి) టైములో ఉద్యోగాలకి ఇబ్బంది అవదా? కంపెనీలు వస్తాయా? నాది కంప్యూటర్స్.

పల్నాటిపిల్ల | ఫిబ్రవరి 2, పొద్దున 7:15

తమ్ముడూ, ఉన్నదున్నట్టు చెప్తాను. కెరీర్ ఫెయిర్‌కి పెద్ద పెద్ద కంపెనీలు వస్తాయి. అమెరికాలో నల్లజాతి ఇంజనీర్లు ఎక్కువగా తయారయ్యేది ఇక్కడే కాబట్టి వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. కానీ వచ్చిన ప్రతి కంపెనీ వీసా స్పాన్సర్ చేయదు. కొన్ని స్కాలర్‌షిప్పులు, ఇంటర్న్‌షిప్పులు అమెరికా పౌరులకే. అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే 1890 స్కాలర్స్ అనే స్కాలర్‌షిప్పు లాంటివి మనకి వర్తించవు, వర్తించకూడదు కూడా. అవి ఎవరి కోసం పెట్టారో వాళ్లకే అందాలి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సయితే ఓపీటీ ఎక్స్‌టెన్షన్ మామూలే. నీకు కావలసింది ర్యాంకు నంబరు కాదు. నీ సబ్జెక్టులో ప్రాజెక్టు ఉన్న ప్రొఫెసరు, ఆయన దగ్గర డబ్బు. ఇది ఏ యూనివర్సిటీకైనా వర్తిస్తుంది.

చరిత్ర_మాస్టారు | ఉదయం 8:02

అమ్మాయ్, బాపట్ల పేరెత్తావు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. 1862లో మోరిల్ చట్టం కింద అమెరికా ప్రభుత్వం రాష్ట్రాలకి భూములిచ్చి వ్యవసాయ, ఇంజనీరింగ్ కాలేజీలు పెట్టించింది. ల్యాండ్ గ్రాంట్ కాలేజీలంటారు. దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్లని వాటి గడప తొక్కనివ్వలేదు. 1890లో రెండో మోరిల్ చట్టం వచ్చింది. వాళ్లని చేర్చుకోండి, లేదా వాళ్లకి వేరేగా పెట్టండి, లేకపోతే డబ్బు రాదని. రాష్ట్రాలు వేరేగా పెట్టడానికే ఒప్పుకున్నాయి. మీ యూనివర్సిటీ 1891లో అలా పుట్టింది. అప్పటి పేరులోనే "కలర్డ్ రేస్" అన్న మాట ఉండేది.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడినప్పుడు నమూనా ఇదే ల్యాండ్ గ్రాంట్ పద్ధతి. అమెరికా సాయం కింద కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు వచ్చి సహకరించారు. బోధన, పరిశోధన, విస్తరణ (అంటే ఆ పరిశోధనని రైతుల దగ్గరికి చేర్చడం) మూడూ ఒకే గొడుగు కింద ఉండాలనేది అక్కడి ఆలోచన. అంటే నువ్వు బాపట్లలో చదివిన చదువుకీ, గ్రీన్స్‌బరోలో చదివిన చదువుకీ వేరు ఒకటే.

ఇంకో మాట. వేరేగా పెట్టారు గానీ సమానంగా డబ్బివ్వలేదు. 2023 సెప్టెంబరులో అమెరికా విద్యా, వ్యవసాయ శాఖల మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకి ఉత్తరాలు రాశారు. ముప్పై ఏళ్లలో ఈ నల్లజాతి ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీలకి, అదే రాష్ట్రాల్లోని తెల్లవాళ్ల ల్యాండ్ గ్రాంట్లతో పోలిస్తే, 1,200 కోట్ల డాలర్లకి పైగా తక్కువిచ్చారని లెక్క తేల్చారు. ర్యాంకింగులు చూసేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి. ల్యాబు కట్టే డబ్బు బిగబట్టి, నీ ల్యాబు చిన్నదని మార్కులు కోసేస్తే ఎలా?

పల్నాటిపిల్ల | ఉదయం 8:40

మాస్టారూ, ఇది నాకు తెలియదు, బాపట్ల సంగతి. చదివి ఒళ్లు జలదరించింది.

విస్తరణ అన్నారు కాబట్టి చెప్తాను. నా ప్రాజెక్టు మట్టి మీద. యూనివర్సిటీకి దాదాపు 500 ఎకరాల పొలం ఉంది, దాంతోపాటు చిన్న రైతుల పొలాలకి కూడా వెళ్లి నమూనాలు తెచ్చేవాళ్లం. ఒక పెద్దాయన, చిలగడదుంప వేస్తాడు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఆగర్ (మట్టి నమూనా తీసే బర్మా) దింపుతుంటే పక్కనే నిలబడి చూశాడు. పైకి వచ్చిన మట్టిలో చిటికెడు తీసుకుని, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "దీనికి దాహమేస్తోంది" అన్నాడు. మా నాన్న కూడా అచ్చం అలాగే చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ల్యాబ్ రిపోర్టులో తేమ, సేంద్రియ కర్బనం రెండూ తక్కువే వచ్చాయి.

1920లో అమెరికాలో తొమ్మిది లక్షల మందికి పైగా నల్లజాతి రైతులుండేవాళ్లు. ఇప్పుడు యాభై వేల లోపే. అప్పులివ్వక, పత్రాలు సరిగ్గా లేవని, వేలంపాటల్లో భూములు పోయాయి. ఆయన తాత కొన్న భూమిలో ఇప్పుడాయన దగ్గర మిగిలింది మూడో వంతట. ఇలాంటి వాళ్ల దగ్గరికి ఏ అండ్ టీ విస్తరణ వాళ్లు క్రమం తప్పకుండా వెళ్తారు. కౌలు రైతు కూతుర్ని, ఆ పనిలో నన్నూ చేర్చుకున్నారు. చివరిసారి వెళ్లినప్పుడు ఒక సంచీ దుంపలిచ్చి పంపాడు. నిప్పుల్లో కాల్చుకోవడానికి వీల్లేక ఓవెన్‌లో కాల్చుకున్నాం.

అట్లాంటా_అరుణ | ఉదయం 10:10

పల్నాటిపిల్లకి అభినందనలు. మనసులో చాలాకాలంగా ఉన్న ప్రశ్న అడుగుతాను, నొచ్చుకోవద్దు. తరతరాలుగా చదువుకి దూరం చేసిన వాళ్ల కోసం కట్టుకున్న చోటు కదా అది. మనం వెళ్లి ఆ అసిస్టెంట్‌షిప్పులు తీసుకోవడం న్యాయమేనా? మన దగ్గర గురుకులాల్లో వేరేవాళ్లు వచ్చి సీట్లు తీసుకుంటే ఒప్పుకుంటామా?

హోవార్డ్_పూర్వ_విద్యార్థి | ఉదయం 11:25

అరుణగారూ, మంచి ప్రశ్న. నేను వాషింగ్టన్‌లోని హోవార్డ్‌లో ఫార్మసీ చదివాను, కాబట్టి నేనూ జవాబు చెప్పుకోవాల్సిన వాడినే.

ఈ విద్యాసంస్థలు ఎప్పుడూ తలుపు మూసుకోలేదు. 1867లో హోవార్డ్ మొదలైనప్పుడు తొలి విద్యార్థుల్లో స్థాపకుల కూతుళ్లైన తెల్ల అమ్మాయిలున్నారు. పెన్సిల్వేనియాలోని లింకన్ యూనివర్సిటీలో ఘనా నాయకుడు క్వామే ఎన్‌క్రుమా చదువుకున్నాడు. 1930ల్లో నాజీల నుంచి పారిపోయి వచ్చిన యూదు ప్రొఫెసర్లకి పెద్ద యూనివర్సిటీలు ఉద్యోగాలివ్వకపోతే హెచ్‌బీసీయూలు ఇచ్చాయి. బయటికి నెట్టబడిన వాళ్లు కట్టిన ఇల్లు కాబట్టి బయట నిలబడ్డ వాళ్లని లోపలికి పిలిచే అలవాటు దానికి ఉంది.

అయితే మీ ప్రశ్నలో న్యాయం ఉంది. ఆ ఇంట్లో అన్నం తిని, బయటికొచ్చి వాళ్లని చులకనగా మాట్లాడే మనవాళ్లని నేను చూశాను. డిగ్రీ తీసుకుని రెజ్యూమెలో యూనివర్సిటీ పేరు కింద "హెచ్‌బీసీయూ" అనే మాట కనపడకుండా దాచేవాళ్లనీ చూశాను. అది అన్యాయం. తీసుకుంటే బాకీ ఉన్నట్టు తీసుకోవాలి. నేను ఏటా ఫార్మసీ పిల్లల పుస్తకాలకి కొంత పంపుతాను. పెద్ద మొత్తం కాదు.

పల్నాటిపిల్ల | మధ్యాహ్నం 12:30

అరుణక్కా, నేనూ ఇదే ప్రశ్న మా ప్రొఫెసర్‌ని అడిగాను. ఆవిడ పెద్దగా ఏం చెప్పలేదు. "వచ్చావుగా, పనికొచ్చేలా ఉండు" అంది. మంగళ, గురువారాలు సాయంత్రం కెమిస్ట్రీ రాని ఫస్టియర్ పిల్లలకి చెప్పమంది. రెండేళ్లు చెప్పాను. దానితో బాకీ తీరిందని అనుకోవడం లేదు.

వాస్తవవాది_77 | మధ్యాహ్నం 1:05

అన్నీ బాగున్నాయి గానీ, అమెరికా వెళ్లి కూడా కులం గురించి మాట్లాడుకోవడం అవసరమా? జాతి వేరు, కులం వేరు. చదువుకుని పైకొచ్చారు, సంతోషం. పాత గాయాలు రేపడం దేనికి? ఇప్పుడు ఊళ్లలో ఆ గ్లాసులెక్కడున్నాయి?

పల్నాటిపిల్ల | మధ్యాహ్నం 2:20

మా ఊళ్లో చూరు గ్లాసులు పోయాయి. ఇప్పుడు అందరికీ ప్లాస్టిక్ కప్పులే. నిజమే. గ్రీన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో అంట్ల బుట్ట వేరయింది రెండేళ్ల కిందట. నేనెవరినీ కులం అడగలేదండీ, నన్నడిగారు.

జాతీ, కులమూ ఒకటేనని నేనూ అనడం లేదు. నా రూమ్మేట్ ఒంటి రంగు వీధి చివరి నుంచే కనపడుతుంది, దుకాణంలో గార్డు వెంట నడుస్తాడు. నన్ను చూసి ఎవరికీ ఏమీ తెలియదు, ఇంటిపేరు చెప్పేదాకా. వేర్వేరే. కానీ కాఫీ అడిగితే "నీకు కాదు" అనడం, టీ అడిగితే గ్లాసు చూపించడం, ఈ రెండూ తెలిసినవాళ్లకి ఒకరి మాట ఒకరికి విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఇద్దరికీ అలాగే అర్థమైంది.

పాత గాయమన్నారు. ఏ అండ్ టీలో ఏటా ఫిబ్రవరి 1న ఆ రోజుని తలుచుకుంటారు. చిన్నపిల్లల్ని కూడా తెస్తారు. అందువల్ల ఎవరి గాయమూ పెద్దదవడం నేను చూడలేదు. మా ఇంట్లో తాత పోయేదాకా ఆ గ్లాసు మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన దాన్ని తనలోనే పెట్టుకుని పోయాడు. రెంటిలో ఏది మేలో నాకు అనుమానం లేదు.

లోహియా_అభిమాని | సాయంత్రం 4:45

నాకు డెబ్బై దాటాయి, హైదరాబాదు. "అమెరికా వెళ్లి కూడానా" అన్నారు కాబట్టి ఇది చెప్పక తప్పదు. 1964 మే నెలలో రామ్ మనోహర్ లోహియా మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ వెళ్లారు. ఆ ఊరి పక్కనే టూగలూ కాలేజీ, అదీ నల్లజాతి వాళ్ల కాలేజీయే. అక్కడ ప్రసంగించారు. తెల్లవాళ్లకే పెట్టే ఒక భోజనశాలకి వెళ్తే ధోవతి కట్టిన ఈయన్ని లోపలికి రానివ్వలేదు. మర్నాడు మళ్లీ వెళ్లారు. పొమ్మంటే కదల్లేదు, పోలీసులు పట్టుకెళ్లారు. అప్పటికాయన మన పార్లమెంటు సభ్యుడు. అమెరికా విదేశాంగ శాఖ విచారం వెలిబుచ్చింది. తనొక్కడికి చెప్పే విచారంతో ఆయన తృప్తి పడలేదు.

మన దేశంలో కులం మీద జీవితాంతం కొట్లాడిన మనిషి అక్కడ రంగు గీత కనపడితే "ఇది మనది కాదు" అని తప్పుకోలేదు. ఆ టూగలూ కాలేజీ పిల్లలే 1961లో తొమ్మిది మంది జాక్సన్‌లో తెల్లవాళ్ల లైబ్రరీలో పుస్తకాలు తీసి చదువుతూ కూర్చుని అరెస్టయ్యారు. చదివినందుకు అరెస్టు.

చరిత్ర_మాస్టారు | సాయంత్రం 5:30

లోహియాగారి సంగతి గుర్తు చేసినందుకు సంతోషం. దారి రెండువైపులా నడిచింది. 1936లో హోవార్డ్ నుంచి నల్లజాతి మతబోధకుడు హోవర్డ్ థర్మన్ బృందం బార్డోలీ వచ్చి గాంధీని కలిసింది. అదే ఏడాది చివర హోవార్డ్‌లోనే పనిచేస్తున్న బెంజమిన్ మేస్ కూడా వచ్చి కలిశాడు. తర్వాత ఆయన అట్లాంటాలో మోర్‌హౌస్ కాలేజీ అధ్యక్షుడయ్యాడు. అక్కడ ఆయన మాటలు వింటూ పెరిగిన విద్యార్థి మార్టిన్ లూథర్ కింగ్. ఇక 1946లో అంబేడ్కర్ స్వయంగా అమెరికా నల్లజాతి మేధావి డూబాయిస్‌కి ఉత్తరం రాశారు, మన అంటరానివాళ్ల స్థితికీ మీ స్థితికీ పోలిక ఉందని, ఐక్యరాజ్యసమితికి మీరు పెడుతున్న విజ్ఞప్తి ప్రతి కావాలని. డూబాయిస్ జవాబిచ్చారు. ఆయన చదివింది ఫిస్క్ యూనివర్సిటీలో, అదీ హెచ్‌బీసీయూయే. కాబట్టి వాస్తవవాదిగారూ, ఈ పోలిక పల్నాటిపిల్ల కొత్తగా తెచ్చింది కాదు.

వాస్తవవాది_77 | సాయంత్రం 6:10

అంబేడ్కర్ ఉత్తరం సంగతి నాకు తెలియదు. చదువుతాను. పల్నాటిపిల్లా, మీ రూములో జరిగింది తప్పు. అది ముందే అనాల్సింది.

గురుకులం_టీచర్ | రాత్రి 8:15

నేను ఒక సాంఘిక సంక్షేమ గురుకులంలో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో ఈ థ్రెడ్ తొమ్మిదో తరగతి పిల్లలకి చదివి వినిపించాను (బుట్ట దగ్గర గొంతు పట్టేసి కాసేపు ఆగాను). చూరు గ్లాసు ముగ్గురు పిల్లలకి తెలుసు. వాళ్ల తాతల మాటల్లో విన్నారట.

ఏ అండ్ టీ అనగానే నాకు గుర్తొచ్చేది రొనాల్డ్ మెక్‌నెయిర్. పిల్లలకి ఎప్పుడూ చెప్తుంటాను. సౌత్ కరోలైనాలో చిన్న ఊరు. 1959లో తొమ్మిదేళ్ల పిల్లాడు లైబ్రరీకి వెళ్లి పుస్తకాలడిగితే నల్లవాళ్లకి ఇవ్వం అన్నారు. ఇచ్చేదాకా కదలనన్నాడు. పోలీసుల్ని పిలిచారు, అమ్మ వచ్చింది, చివరికి పుస్తకాలతోనే ఇంటికెళ్లాడు. ఆ పిల్లాడు 1971లో మీ ఏ అండ్ టీలో ఫిజిక్స్ డిగ్రీ, తర్వాత ఎమ్మైటీలో పీహెచ్‌డీ చేసి, 1984లో అంతరిక్షానికి వెళ్లాడు. 1986 జనవరిలో చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో పోయాడు. అప్పుడు పుస్తకాలివ్వనన్న ఆ లైబ్రరీ భవనానికి ఇప్పుడు ఆయన పేరే.

అమ్మా, ఒక శనివారం మా పిల్లలతో వీడియో కాల్‌లో మాట్లాడతావా? డెబ్బై మంది ఆడపిల్లలు. ప్రొజెక్టర్ ఉంది, నెట్ కాస్త నెమ్మది.

పల్నాటిపిల్ల | రాత్రి 9:00

టీచరుగారూ, నేను చదువుకున్నది కూడా గురుకులంలోనే, పదో తరగతి దాకా. ఎప్పుడంటే అప్పుడు మాట్లాడతాను. మా ఇంజనీరింగ్ భవనం పేరు మెక్‌నెయిర్ హాల్. దాని ముందు నిలబడి కాల్ చేస్తాను. మీ సాయంత్రం ఆరంటే నాకు పొద్దున ఏడున్నర, వెలుతురు వచ్చేస్తుంది.

గురుకులం_టీచర్ | ఫిబ్రవరి 3, ఉదయం

ఈ శనివారం ఆరింటికి ఖాయం చేశాను. పిల్లలు ఇప్పటినుంచే ప్రశ్నలు రాసుకుంటున్నారు. ఒక ప్రశ్న ముందే పంపమని పట్టుబట్టింది ఒక పాప. వాళ్లమ్మ మా హాస్టల్లోనే వంట చేస్తుంది. "ఆ కౌంటర్ తెరిచిన రోజు వంట చేసేవాళ్లే ముందు కూర్చున్నారన్నారు కదా, వాళ్లు ఏం తిన్నారు?" అని.

పల్నాటిపిల్ల | ఫిబ్రవరి 3, రాత్రి

పాపకి చెప్పండి. కూర్చున్న వాళ్లలో జెనీవా టిజ్‌డేల్ అని ఒకావిడ ఉంది. పని బట్టలు మార్చుకుని, మామూలు బట్టలు వేసుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఎగ్ సలాడ్ శాండ్‌విచ్ అడిగింది. గుడ్లు ఉడికించి, చిదిమి కలిపి రొట్టె మధ్యలో పెడతారు. ఆ గుడ్డు కలిపింది ఆవిడే.